అతుకు మీద నిలిచిన స్టేషన్

పేరు మారింది, యజమానులు మారారు, మోసే సరుకు మారింది. ఏటికొప్పాక లాంటి పల్లెల వాళ్ల నోట మాత్రం అది ఇప్పటికీ ‘వాల్తేరు స్టేషనే’. ఆ స్టేషన్ కథే ఈ వారం ముఖచిత్ర కథనం.

హౌరా నుంచి చెన్నై వెళ్లే మెయిల్ విశాఖపట్నంలో ఆగగానే రైల్వే సిబ్బంది ఇంజిన్‌కీ మొదటి పెట్టెకీ మధ్య సందులోకి దిగుతారు. కప్లింగ్ విప్పి, బ్రేకు గాలి గొట్టాలు ఊడదీస్తారు. ఇంజిన్ ఒంటరిగా వెళ్లిపోతుంది. టీ తాగి వచ్చినవాళ్లు సర్దుకుని కూర్చునేలోపు బండికి అటు చివర చిన్న కుదుపు వస్తుంది. అక్కడ ఇంకో ఇంజిన్ తగిలిందన్నమాట. బండి కదిలాక, అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్లు వెనక్కి పోవడం మొదలుపెడతారు. ‘అమ్మా, మళ్లీ ఇంటికే పోతున్నామా?’ అని అడగని పిల్లలుండరు.

ఉత్తరం నుంచి సింహాచలం మీదుగా వచ్చే దారి, దక్షిణం నుంచి దువ్వాడ మీదుగా వచ్చే దారి, రెండూ ఒక వైపు నుంచే ఈ స్టేషన్‌లోకి వస్తాయి. అందుకే దాటిపోవాల్సిన ప్రతి బండీ ఇక్కడ తల మార్చుకోవాలి. ఆ తిప్పలెందుకని కొన్ని దూరప్రాంత రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే తప్పుకుని పోతాయి. విశాఖ వాసులకు ఇది ఎప్పటి నుంచో ఉన్న బాధ.

నాకు ఆ స్టేషన్ తెలిసింది నానమ్మ చెయ్యి పట్టుకుని. వరాహ నది ఒడ్డున ఉన్న మా ఊరు ఏటికొప్పాకకు దగ్గరి స్టేషన్ నర్సీపట్నం రోడ్. నర్సీపట్నం ఊరు అక్కడికి పాతిక కిలోమీటర్ల పైనే. ఆ ఊరికి పోయే రోడ్డు అక్కడుంది కాబట్టి స్టేషన్‌కి ఆ పేరు. అక్కడ పాసింజర్ ఎక్కితే రేగుపాలెం, ఎలమంచిలి, కశింకోట, అనకాపల్లి దాటి విశాఖ. పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి నానమ్మ నన్ను తోడు తీసుకెళ్లేది. బండి నెమ్మదించగానే మూట చంకన పెట్టుకుని, ‘వాల్తేరు వచ్చేసింది, దిగరా’ అనేది. బోర్డు మీద మాత్రం విశాఖపట్నం అని ఉండేది. రెండూ ఒకటేనని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెండు కంపెనీలు, ఒక ప్లాట్‌ఫారం

రైలు రాకముందు ఈ తీరంలో దూర ప్రయాణమంటే ఎడ్ల బండి, లేదంటే సముద్రం మీద ఓడ. 1876-78 నాటి మహా కరువు తర్వాత ఏర్పాటైన కరువు కమిషన్, తిండిగింజలు తరలించాలంటే రైలు దారులు పెరగాలని 1880లో చెప్పింది. ఆ తర్వాతి దశాబ్దంలో తూర్పు తీరం వెంట పట్టాలు పడ్డాయి. 1893 నుంచి 1896 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే తయారైంది. వాల్తేరు స్టేషన్ ఆ దారి బిడ్డే.

దారైతే పడింది గానీ గోదావరి దగ్గర తెగి ఉండేది. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య జనం బండి దిగి, రేవు దాటి, అవతల మళ్లీ బండెక్కేవారు. 1897 నవంబరులో పని మొదలై, 1900 ఆగస్టు 30న హేవ్‌లాక్ వంతెన తెరుచుకున్నాకే అటు మద్రాసూ ఇటు కలకత్తా ఒక దారిలోకి వచ్చాయి.

వంతెన కలిపిన దారిని మరుసటి ఏడే కాగితాలు విడదీశాయి. 1901లో వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం మద్రాస్ రైల్వే చేతికి వెళ్లింది. 1902లో ఉత్తర భాగం, పూరీ శాఖతో కలిపి, బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరింది. 1908లో మద్రాస్ రైల్వే కాస్తా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. రెండు కంపెనీలూ ఎదురుపడే చోటు వాల్తేరు. అటు పట్టా ఒకరిది, ఇటు పట్టా ఇంకొకరిది. ఈ స్టేషన్ పుట్టిన అయిదారేళ్లకే అతుకు మీద నిలబడింది.

స్వాతంత్ర్యం వచ్చి కంపెనీలు పోయినా ఆ అతుకు పోలేదు. ఉత్తర భాగం 1955లో ఏర్పడ్డ సౌత్ ఈస్టర్న్ రైల్వేలోకి, 2003 ఏప్రిల్ 1 నుంచి ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వెళ్లింది. దక్షిణ భాగం ముందు సదరన్ రైల్వేలో ఉండి, 1966లో సౌత్ సెంట్రల్‌లోకి మారింది. అందుకే నానమ్మ బండెక్కిన నర్సీపట్నం రోడ్ ఒక జోన్‌ది, దిగిన వాల్తేరు ఇంకో జోన్‌ది. వందేళ్ల కిందట ఇద్దరు కంపెనీవాళ్లు గీసుకున్న గీత మా ఊరి ప్రయాణం మధ్యలోంచే పోయింది. మూట చంకన పెట్టుకున్న ఆవిడకు మాత్రం ఆ గీత ఏనాడూ కనపడలేదు.

రాయి మోసిన దారి

కంపెనీలు స్టేషన్లు కట్టింది మనుషుల కోసమే కాదు, సరుకు కోసం కూడా. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం సముద్రానికి చేరాలంటే దగ్గరి దారి కావాలి. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా కొండల్లో సాగిన మార్గం 1931లో రాయ్‌పూర్‌ను కలిపింది. ఆ వెనకే 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ విశాఖ రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ ఆ రేవును లాంఛనంగా ప్రారంభించారు. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన భీమిలి రేవు వెనకబడిపోయింది. పట్టాలు ఎటు పోతే వ్యాపారం అటు పోయింది.

ఆ తర్వాతిది ఇనుప రాయి వంతు. బైలదిల్లా కొండల ఖనిజం జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. దాని కోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమలను తొలిచి దారి వేశారు. 1960ల చివరికి రాయి దిగడం మొదలైంది. ఇవాళ అనంతగిరి కొండల్లో సొరంగం దాటిన ప్రతిసారీ కేకలు పెట్టే పిల్లలకు తెలియదు, ఆ 58 సొరంగాలు తవ్వింది అరకు అందాల కోసం కాదని. ఆ దారిలోని శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో చాలా కాలం అంత ఎత్తున ఇంకోటి లేదు.

సరుకు వెనకే మనుషులు

సరుకు కోసం వేసిన దారుల్లో మనుషులు తమ దారి తాము వెతుక్కున్నారు. 1923లో పెద్దాసుపత్రి, అంటే కింగ్ జార్జి ఆసుపత్రి, తెరిచాక శ్రీకాకుళం నుంచి తుని దాకా రోగులకు ఈ స్టేషనే దిక్కయింది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1930లో విశాఖకు తరలి వచ్చాక ట్రంకు పెట్టెలతో విద్యార్థులు దిగసాగారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఊరు వదిలిపోయే జనం పిల్లాపాపలతో బయల్దేరారు. విశ్వవిద్యాలయమే కొన్నాళ్లు గుంటూరుకు తరలిపోయింది. వలస కూలీలు, కొత్త పెళ్లికూతుళ్లు, ఉక్కు ఫ్యాక్టరీలో కొలువు కోసం వచ్చిన కుర్రాళ్లు, తీర్థానికి పోయే ముసలివాళ్లు. ఈ స్టేషన్‌లో ఒక్కసారైనా కన్నీళ్లు పెట్టుకోని కుటుంబం ఉత్తరాంధ్రలో దొరకడం కష్టం.

పేరు సంగతీ చిత్రమే. అసలు వాల్తేరు విశ్వవిద్యాలయం ఉన్న మెరక. స్టేషన్ ఉన్నది దొండపర్తి, అల్లిపురం, జ్ఞానాపురం పక్కన. 1987లో స్టేషన్‌కి విశాఖపట్నం అని పేరు పెట్టారు. డివిజన్‌కి మాత్రం ఇంకా దాదాపు నలభై ఏళ్లు వాల్తేరు పేరే నిలిచింది.

మైలురాళ్లు

1974 ఫిబ్రవరి 1: గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలు. సాయంత్రం విశాఖలో ఎక్కి తెల్లారేసరికి అప్పటి రాజధాని హైదరాబాద్‌లో దిగడం రెండు తరాలకు అలవాటైంది.

2017 ఏప్రిల్: అరకు దారిలో అద్దాల పెట్టె, విస్టాడోమ్. అదే ఏడాది మేలో స్వచ్ఛత సర్వేలో ఏ-1 తరగతి స్టేషన్లన్నింటిలో విశాఖ మొదటి స్థానం.

2023 జనవరి 15: సంక్రాంతి నాడు సికింద్రాబాద్ – విశాఖ వందే భారత్ తొలి ప్రయాణం.

ఏటికొప్పాక దిగిన రోజు

2022 మార్చిలో ‘ఒక స్టేషన్ – ఒక ఉత్పత్తి’ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు విశాఖ స్టేషన్‌కి ఎంచుకున్న సరుకు ఏటికొప్పాక బొమ్మ. మాంగనీసు, ఇనుప రాయి మోసిన చోట అంకుడు కర్ర బొమ్మలు వచ్చి కూర్చున్నాయి. ఈ స్టేషన్ చరిత్రలో ఇంత తేలికైన సరుకు ఇంకోటి వచ్చి ఉండదు.

మా ఊళ్లో బొమ్మ చేయడం చూడాలి. ఎండిన అంకుడు ముక్కను లేత్‌కి బిగించి తిప్పుతారు. ఉలి ఆనగానే తెల్లటి పొట్టు రిబ్బన్లలా లేచి ఒళ్లో పడుతుంది. నున్నగా అయ్యాక, తిరుగుతున్న కర్ర మీద రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. ఆఖరున మొగలి ఆకుతో అదిమి పట్టుకుంటే అద్దంలా మెరుపు. పసుపు కొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజ నుంచి కాషాయం, నీలిమందు నుంచి నీలం. చెట్ల రంగులను మళ్లీ ఈ పనిలోకి తెచ్చి నిలబెట్టినందుకు చింతలపాటి వెంకటపతి రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2017లో భౌగోళిక గుర్తింపు, 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో శకటం, రాష్ట్రాల్లో దానికి మూడో బహుమతి, అన్నీ ఈ లక్కపిడతల ఊరికే. ఆ బొమ్మల్లో పిల్లలు ముందు చెయ్యి వేసేది రైలు బండి మీదే.

అతుకు ఎక్కడికి పోతుంది?

2019 ఫిబ్రవరిలో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న విశాఖలో శంకుస్థాపన జరిగింది. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లతో పాటు విశాఖ కూడా ఒకే జోన్‌లోకి వస్తుంది. అంటే 1901-02లో విడిపోయిన నర్సీపట్నం రోడ్, వాల్తేరు మళ్లీ ఒక గొడుగు కిందికి చేరతాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్ పేరును విశాఖపట్నంగా మార్చింది. అదే నిర్ణయంలో ఖనిజం దిగే కొత్తవలస దారి ఒడిశాలోని రాయగడ కేంద్రంగా ఏర్పడే కొత్త డివిజన్‌కి, ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వెళ్లింది. ఒక అతుకు మాసిపోతుంటే ఇంకోటి పడుతోంది.

గీతలు ఎప్పుడూ ఉంటాయి. కార్యాలయాలకు అవి కావాలి కూడా. అడగాల్సింది ఒకటే. ఆ గీత బండెక్కే మనిషికి తగలకూడదు. పెద్దాసుపత్రికి పోయే ముసలమ్మకు నర్సీపట్నం రోడ్‌లో ఆగే పాసింజర్ ఉండాలి. అద్దాల మేడలా స్టేషన్‌ను కొత్తగా కట్టుకుంటున్నప్పుడు ‘వాల్తేరు’ అన్న పాత బోర్డుకు ఒక గోడ దొరకాలి. రెండు కంపెనీల కథ, గోదావరి రేవు కథ, బైలదిల్లా రాయి కథ అక్కడ పిల్లలకు చదవడానికి ఉండాలి. పక్కనే మా ఊరి బొమ్మలకు శాశ్వతంగా ఒక చోటుండాలి.

నా బల్ల మీద స్టేషన్‌లోని బొమ్మల స్టాల్‌లో కొన్న బొమ్మ రైలుంది. ఇంజిన్ ఎరుపు, పెట్టెలు పసుపు. పెట్టెకూ పెట్టెకూ మధ్య చిన్న కొక్కెం. అది విప్పి, ఇంజిన్ తెచ్చి అటు చివర తగిలించి మా అబ్బాయి బండిని వెనక్కి నడుపుతాడు. ‘ఏ ఊరొచ్చిందిరా?’ అంటే తలెత్తకుండానే చెప్తాడు, ‘వాల్తేరు’. ఆ మాట వాడికి నేను నేర్పలేదు. మా నాన్న నేర్పారు. ఆయనకు నేర్పింది మా నానమ్మ.