ఆ రాత్రి చిదంబరం ఏమన్నారు?

2009 డిసెంబర్ 9. కె. చంద్రశేఖరరావు నిరాహార దీక్ష పదకొండో రోజు. రాత్రి బాగా పొద్దుపోయాక అప్పటి కేంద్ర హోం మంత్రి పి. చిదంబరం చేసిన ప్రకటన చాలా చిన్నది: తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుంది, శాసనసభలో తగిన తీర్మానం పెడతారు. రాష్ట్రం ఇచ్చేశామని ఆయన అనలేదు. ఎప్పుడిస్తారో చెప్పలేదు. అయినా ఉస్మానియాలో సంబరాలు, మర్నాడు సీమాంధ్ర ఎమ్మెల్యేల రాజీనామాలు. విచిత్రమేమంటే, ఇరుపక్షాలకూ అర్థమైంది ఒక్కటే.

వారు పొరబడ్డారా? 1967లో హార్వర్డ్‌లో ఉపన్యాసాలిచ్చిన బ్రిటిష్ తత్వవేత్త పాల్ గ్రైస్ లెక్కన లేదు. ఎదుటివారు సందర్భానికి తగినట్టే మాట్లాడుతున్నారన్న నమ్మకంతో మిగతాది వినేవారే పూరించుకుంటారు. పెళ్లిచూపులయ్యాక 'ఆలోచించి కబురు చేస్తాం' అంటే ఆడపెళ్లివారికి విడమరిచి చెప్పాలా? దీక్షలో ఉన్న మనిషి ప్రాణం మీదికొచ్చిన వేళ హోం మంత్రి నోరు విప్పితే, అది వట్టి ఫైలు కదలిక అని ఎవరనుకుంటారు?

అయితే ఇలా స్ఫురింపజేసిన అర్థాన్ని మాట్లాడినవారు తర్వాత రద్దు చేసుకోవచ్చనీ గ్రైస్ చెప్పారు. రాజకీయ నాయకులకు ఆ వెసులుబాటు ఆయన చెప్పకముందే తెలుసు. పరిస్థితి మారిందని, విస్తృత సంప్రదింపులు అవసరమని డిసెంబర్ 23న చిదంబరం మరో ప్రకటన చేశారు. మాట అలాగే ఉంది, అర్థమే వెనక్కి వెళ్లింది. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న.