కాలికి వాపు, చెవిలో పిడుదు

హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కుక్క లేని ఫామ్‌హౌస్ అరుదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో తెచ్చిన 111 జీవో ఇక్కడి చాలా గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. తోటలు, వాటిలో చిన్న ఇళ్లు, వాటి కాపలాకు జర్మన్ షెపర్డ్‌లు, రాట్‌వీలర్లు వచ్చాయి. ఊరకుక్కలు ఎటూ ఉన్నవే. వీటిలో ఏదైనా ఓ పొద్దున కాలు కింద మోపకపోతే అందరి నోటా ఒకటే మాట: ముల్లు గుచ్చుకుంది, లేదంటే గోడ దూకి కాలు బెణికింది.

చాలాసార్లు అది నిజమే. అందుకే ముందు పాదం చూడాలి. వేళ్ల మధ్య తుమ్మముల్లో, విరిగిన గోరో, సీసా పెంకో దొరకొచ్చు. పొలంగట్ల మీద తిరిగొచ్చిన కుక్క కాలు చూస్తుండగానే ఉబ్బిపోతుంటే రక్తపింజర కాటేమోనని అనుమానించి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే పరుగెత్తాలి.

ముల్లు లేదు, దెబ్బ లేదు. ఈరోజు ముందుకాలు, ఎల్లుండి వెనక్కాలు కుంటుతోంది. తిండి ముట్టడం లేదు. అప్పుడు కాలిని వదిలి చెవి తిప్పి చూడండి. చెవి మడతల్లో, మెడపట్టీ కింద, వేళ్ల సందుల్లో బూడిదరంగులో సెంటీమీటరు దాకా ఉబ్బిన ఆడ పిడుదు, దాని పక్కనే గోధుమరంగు చదును మగ పిడుదు కనిపిస్తే అనుమానించాల్సింది టిక్ ఫీవర్‌నే.

ఈ జ్వరానికి ముఖ్య కారణం ఎర్లీషియా కేనిస్ అనే బ్యాక్టీరియా. 1935లో అల్జీరియాలో దీన్ని తొలిసారి గుర్తించారు. పిడుదు కుట్టినప్పుడు రక్తంలోకి చేరి తెల్లరక్తకణాల్లో కాపురం పెడుతుంది. దాన్ని చంపాలని శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు సూక్ష్మజీవి ముక్కలతో కలిసి గడ్డలుగా మారి కీళ్లలో పేరుకుంటాయి. కీళ్లు వాచి నొప్పి పెడతాయి. కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారేది అందుకే. రక్తనాళాల గోడలు కూడా దెబ్బతిని నీరు బయటికి ఊరుతుంది. మడమ పైన బొటనవేలితో నొక్కి వదలండి, సొట్ట అలాగే నిలిచిపోతే అది నీరుపట్టిన వాపు.

కుక్క ఒళ్లు సహజంగానే మనకంటే వేడి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే కాబట్టి చేత్తో ముట్టి జ్వరం తేల్చలేం, థర్మామీటర్ కావాలి. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. పాలిపోతే రక్తం తగ్గినట్టు, ఎర్రటి చుక్కలుంటే ప్లేట్‌లెట్లు పడిపోతున్నట్టు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మైక్రోలీటరు రక్తంలో అవి సుమారు 2 నుంచి 5 లక్షలుంటాయి. బాగా తగ్గితే ముక్కు నుంచి రక్తం కారుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం పోగొట్టుకున్న కుక్కల్లో చాలా వాటిని బలిగొన్నది ఈ జబ్బే. జర్మన్ షెపర్డ్‌లకు ఇది మరీ తీవ్రంగా వస్తుంది.

మన దక్షిణాదికి పిడుదులే మోసే ఇంకో పరాన్నజీవితోనూ పాత పరిచయం ఉంది. ఎర్రరక్తకణాలను పగలగొట్టే బబీసియా గిబ్సోనిని 1910లో ప్యాటన్ అనే పరిశోధకుడు కనిపెట్టింది మద్రాసు వేటకుక్కల రక్తంలోనే. దాని మందు వేరు. అందుకే రక్తపరీక్ష లేకుండా ఊహతో వైద్యం చేయకూడదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మనం వాడే నొప్పిమాత్ర. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు ఆ పుండు నుంచి కారే రక్తం ఆగదు. కుంటు తగ్గిందని మనం సంబరపడే లోపు కుక్క నల్లటి విరేచనంతో కూలబడుతుంది.

ఎర్లీషియాకు సరైన మందు డాక్సీసైక్లిన్. మొదటి దశలోనే మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో కుక్క లేచి తిరుగుతుంది. చాలామంది మందు ఆపేసేది అక్కడే. సాధారణంగా 28 రోజులు వాడాలి. సగంలో ఆపితే జబ్బు నెలలు, ఏళ్లు దాగి ఉండి, చివరికి ఎముక మజ్జనే ఎండగట్టొచ్చు.

ఈ పిడుదులు పక్క షెడ్డులోని బర్రెల నుంచి వచ్చాయని చాలామంది నమ్ముతారు. పశువులను పట్టేవి వేరే జాతి. గోధుమరంగు కుక్కపిడుదు పిల్లగా, నింఫ్‌గా, పెద్దదిగా మూడు దశల్లోనూ ప్రధానంగా కుక్క మీదే బతుకుతుంది. మధ్యలో రాలిపడి గోడ పగుళ్లలో, కుక్కల గది పైకప్పు సందుల్లో దాక్కుంటుంది. ఒక ఆడపిడుదు వేలల్లో గుడ్లు పెట్టగలదు, తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. కుక్కకు స్నానం చేయించి గోడను వదిలేస్తే పని సగమే అయినట్టు. పగుళ్లు పూడ్చాలి, వైద్యుడు చెప్పిన పిడుదుల మందు ఆపకుండా వాడాలి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగితే పిడుదు వస్తుంది. కిరోసిన్ పూయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు.

పశువైద్య విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఈ మండలాలకు అది దూరమేమీ కాదు. యజమాని కుక్కకు మందు దొరుకుతుంది. అదే గోడ నీడన పడుకునే కాపలామనిషి పెంచుకునే కుక్కకు, గేటు బయటి ఊరకుక్కకు దొరకదు. పిడుదు మాత్రం మూడింటినీ కుడుతుంది. ఈసారి మీ కుక్కకు పిడుదుల మందు కొనేటప్పుడు ఆ రెండింటి బరువు కూడా డాక్టర్‌కు చెప్పి, వాటికీ కొనండి.