మడ్డి తిని నురగ కక్కే బాక్టీరియా

1946లో స్వీడన్‌లో కొందరు శాస్త్రవేత్తలు క్షయ క్రిమిని అణిచే పదార్థం కోసం వెతుకుతున్నారు. పుండులో చేరితే చీమును నీలిపచ్చగా మార్చే ఒక బాక్టీరియాను పెంచి, అది వదిలిన జిడ్డులాంటి ఆమ్లాన్ని వేరుచేశారు. ప్రయోగశాలలో అది క్షయ క్రిమి మీద పనిచేసింది. పయోలిపిక్ ఆమ్లం అని పేరు పెట్టి పత్రం ప్రచురించారు. క్షయ మందుల వరసలోకి మాత్రం అది ఎక్కలేదు. ఆ పత్రం రాసినవాళ్లలో హ్యూగో థియోరెల్‌కు 1955లో, స్యూనే బెర్గ్‌స్ట్రోమ్‌కు 1982లో నోబెల్ బహుమతులు వచ్చాయి. రెండూ వేరే పనులకే. మందు కాలేక చివరికి గిన్నెలు తోమే పనిలో కుదురుకున్న ఆ జిడ్డు కథ ఇది.

మూడేళ్ల తర్వాత అమెరికాలో జార్విస్, జాన్సన్ అనే ఇద్దరు అదే బాక్టీరియాను, అంటే సూడోమోనాస్ ఎరుజినోసాను, గ్లిసరాల్ మీద పెంచి ఆ జిడ్డులో ఏముందో విప్పి చూశారు. ఒక కొసన రామ్నోజ్ అనే చక్కెర, రెండో కొసన కొవ్వు ఆమ్లపు గొలుసులు. చక్కెర తల నీటివైపు మొగ్గుతుంది, కొవ్వు తోక నూనెను పట్టుకుంటుంది. సబ్బు చేసేదీ ఈ మధ్యవర్తిత్వమే. రామ్నోజూ కొవ్వూ కలిసినది కాబట్టి దీన్ని రామ్నోలిపిడ్ అంటున్నారు.

ఆదివారం తలంటుకు కుంకుళ్లు కొట్టి నానబెట్టిన ఇళ్లకు ఇది కొత్త ఉపాయం కాదు. కుంకుడు రసాన్ని నురగెత్తించే సాపోనిన్లకూ ఒక కొసన చక్కెరలే ఉంటాయి, వాటిలో రామ్నోజ్ కూడా ఒకటి. చెట్టు ఏళ్లు పూళ్లు పట్టి కాయలో దాచేదాన్ని ఈ జీవి కొద్ది రోజుల్లో ద్రవంలోకి వదిలేస్తుంది, అంతే తేడా.

మంచినీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. చెరువులో పురుగు మునగకుండా పరుగులు తీసేది ఆ బిగువు మీదే. కాస్త రామ్నోలిపిడ్ కలిస్తే అది 30 దాకా జారిపోతుంది. షాంపూల్లో వాడే సోడియం లారిల్ సల్ఫేట్ అణువులు మామూలు నీటిలో గుంపులు కట్టి జిడ్డును తమలో ఇముడ్చుకోవాలంటే లీటరుకు రెండు గ్రాములకు పైగా ఉండాలి. రామ్నోలిపిడ్ మిశ్రమాల్లో చాలావాటికి అందులో పదో వంతు చాలు.

బాక్టీరియా దీన్ని మన గిన్నెల కోసం చేయదు. దాని గొడవ తిండి గొడవ. అది ఉండేది నీటిలో, కావలసిన నూనె చుక్కగా ముడుచుకుని దూరంగా తేలుతుంటుంది. 1971లో జపాన్ పరిశోధకులు పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్ల మీద దీన్ని పెంచి, ఈ జిడ్డు ఉంటేనే ఆ మేత దానికి బాగా అందుతోందని గమనించారు. మన వంటనూనె దొరికితే ముందు లైపేజ్ ఎంజైమును వదిలి దాన్ని గ్లిసరాల్‌గా, కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. వాటిని కరిగించుకునే దారిలో కొన్ని ముక్కలను పక్కకు తీసి, జంటలు కట్టి, రామ్నోజ్ తగిలిస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. నూనె నిండా కార్బనే, నత్రజని లేదు. నత్రజని లేనిదే ప్రొటీన్లు లేవు, ప్రొటీన్లు లేనిదే కొత్త కణాలు లేవు. అన్నం కుప్పగా ఉండి పప్పు నిండుకున్న బంతి అది. అప్పుడే ఈ జీవి పెరగడం తగ్గించి, మిగిలిన కార్బన్‌ను రామ్నోలిపిడ్‌గా బయటికి పంపుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పనికి దిగదు. రసాయన సంకేతాలతో చుట్టూ ఎంతమంది చేరారో లెక్క చూసుకుని, గుంపు చాలనుకున్నాకే మొదలుపెడుతుంది. నత్రజని లేకపోవడం మేతగా నూనె మడ్డికున్న లోపం, ఇక్కడ అదే కలిసొచ్చింది.

స్పెయిన్‌లో ఆలివ్ గానుగల నుంచి నల్లటి నీళ్లు వస్తాయి, వాటిని అల్పెచిన్ అంటారు. వాటిలోని ఫినాల్ పదార్థాల వల్ల నదిలోకి వదిలినా, మట్టిలోకి వదిలినా చేటే. 1993లో బార్సిలోనా పరిశోధకులు ఒక సూడోమోనాస్‌ను ఆ నీళ్లలోనే పెంచి రామ్నోలిపిడ్ తీశారు. కొన్నేళ్లకు అక్కడే కాగిపోయిన వంటనూనెనూ మేతగా వేశారు. 2002లో బ్రెజిల్ బృందం ఒకటి సోప్‌స్టాక్ మీద లీటరుకు దాదాపు 16 గ్రాములు రాబట్టింది. సోప్‌స్టాక్ అంటే నూనె మిల్లుల వాళ్లకు చెప్పనక్కర్లేదు: ముడి నూనెలో కాస్టిక్ సోడా కలిపితే విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలు సబ్బుగా మారి, కొంత నూనెను వెంట లాక్కుని అడుగుకు దిగుతాయి. ఆ చిక్కటి మడ్డే అది.

ఈలోగా జర్మనీలో హెక్స్ట్ కంపెనీ శుద్ధమైన సోయా నూనె పోసి లీటరుకు 112 గ్రాముల దాకా తీసింది. వాళ్లకు కావలసింది సబ్బు కాదు. రామ్నోలిపిడ్‌ను విరిచి రామ్నోజ్ తీసుకుంటే దాన్నుంచి స్ట్రాబెర్రీ వాసన తయారవుతుంది! చీములో దొరికిన జీవి ఐస్‌క్రీము దాకా వెళ్లిందని చదివినప్పుడు కాసేపు స్ట్రాబెర్రీ మీద మనసు పోలేదు. ఇక కడిగే పని సంగతి: 1989లో ఎక్సాన్ వాల్దెజ్ ఓడ అలాస్కా తీరంలో ముడి చమురు ఒలకబోసినప్పుడు అక్కడి గులకరాళ్లను ఇలాంటి బాక్టీరియా సరుకుతో కడిగి చూస్తే చమురు ఉత్త నీటికంటే మెరుగ్గా వదిలింది.

మరి ఇంతకాలం అంగడికి ఎందుకు రాలేదు? మొదటి అడ్డంకి నురగే. ఈ జీవికి గాలి కావాలి. ట్యాంకులోకి గాలి ఊదితే అది చేసిన సరుకే నురగై పొంగుతుంది, పొంగి గొట్టాల్లోకి ఎక్కుతుంది, పోతూపోతూ బాక్టీరియానూ మోసుకుపోతుంది. నురగ చంపే మందు పోస్తే చివర్లో దాన్నీ వేరుచేయాలి. కొందరు పోరాటం మాని, ఆ పొంగునే పక్క పాత్రలోకి పట్టి సరుకు తీసుకున్నారు. పాలు పొంగనిచ్చి మీగడ ఎత్తుకున్నట్టు.

రెండోది జీవి స్వభావం. కాలిన గాయాలకు, ఆసుపత్రిలో బలహీనంగా ఉన్న రోగులకు ఎరుజినోసా ప్రమాదకారి. వేల లీటర్ల ట్యాంకులో దాన్ని పెంచడానికి ఏ కంపెనీ అయినా జంకుతుంది. 1995లో రామ్నోలిపిడ్ జన్యువులను దాని సాధు చుట్టం సూడోమోనాస్ పుటిడాలోకి చేర్చి పనిచేయించారు. ఆ దారినే ఎవోనిక్ కంపెనీ సాగింది. 2019లో యూనిలీవర్ చిలీలో క్విక్స్ అనే గిన్నెల సబ్బు ద్రవంలో ఎవోనిక్ రామ్నోలిపిడ్‌ను వాడింది. 2024లో స్లొవేకియాలో ఎవోనిక్ పెద్ద కర్మాగారమే తెరిచింది.

అక్కడ బాక్టీరియాకు వేసే మేత మడ్డి కాదు, మొక్కజొన్న చక్కెర. ‘వ్యర్థం నుంచి అర్థం’ అని మురిసే మనకు ఇది కాస్త చేదు. కానీ వాళ్ల లెక్క వాళ్లది. చక్కెర ప్రతి లారీలోనూ ఒకేలా వస్తుంది. మడ్డి రంగు ఒక రోజు ఒకలా, వాసన మరో రోజు ఇంకోలా ఉంటుంది. మిగిలిన నూనెను తీసేయడం, ఆమ్లం పోసి సరుకును విరగ్గొట్టడం, కడగడం, తెల్లబరచడం అన్నీ ఖర్చులే. పైగా మడ్డి ఊరికే దొరుకుతుందన్నది కాగితం మీది మాట. మన తవుడు నూనె మిల్లుల సోప్‌స్టాక్‌ను సబ్బుల వాళ్లు ఎప్పటినుంచో కొనుక్కుంటున్నారు. హోటళ్ల కాగిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమాన్ని ఆహార భద్రత సంస్థ 2018లోనే మొదలుపెట్టింది. బాక్టీరియా వాటన్నిటితో పోటీపడి ఆ మడ్డిని కొనాలి.

నా మటుకు నాకు, తెల్లగా పరిమళంగా ఉండనక్కర్లేని పనుల్లోనే మడ్డి రామ్నోలిపిడ్‌కు చోటుందనిపిస్తుంది. పితియం, ఫైటోఫ్తోరా లాంటి తెగులు జీవులు నీటిలో ఈదే బీజకణాలతో పాకుతాయి. ఆ బీజకణాలకు కణకవచం ఉండదు, పలుచటి పొర తప్ప. రామ్నోలిపిడ్ తగలగానే అవి పగిలిపోతాయని అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో రాశారు. 2004లో అమెరికా పర్యావరణ సంస్థ దీన్ని శిలీంధ్రనాశినిగా అనుమతించింది. మన మిరప నారుమడిలో మొలకలు మెడ దగ్గర మెత్తబడి వాలిపోయే నారుకుళ్లుకు కారణం కూడా పితియమే. నారుమడి మీద చల్లే ద్రవం గోధుమ రంగులో ఉంటే, కాస్త తవుడు నూనె వాసన వేస్తే, రైతు ముక్కు మూసుకోడు.