రీలుకెక్కిన పత్రిక

సింగరాయకొండలో రైలెక్కి ఒంగోలు దాటి ఉత్తరంగా వెళ్తే, చీరాలకు కాస్త ముందు వేటపాలెం వస్తుంది. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి అక్కడ నెలకొల్పిన సారస్వత నికేతనం, పాత పత్రికల సేకరణకు తెలుగునాట పేరుమోసిన గ్రంథాలయం. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు.

పాత పత్రికకు చెదల కన్నా పెద్ద శత్రువు దాని కాగితంలోనే ఉంది. న్యూస్‌ప్రింట్ కోసం కలపను యంత్రాలతో నూరి గుజ్జు చేస్తారు. అందులో కలపలోని లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ కాగితం పసుపుబారుతుంది, ఆమ్లాలు పుట్టి పీచును తెంపుతాయి. మన పొలాల్లో పండే పత్తి పీచుతో చేసిన కాగితం వందల ఏళ్లు నిలుస్తుంది. 1914లో మద్రాసులో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక నాటి న్యూస్‌ప్రింట్‌కు మాత్రం వందేళ్లు గడవడమే గండం. తీరప్రాంతపు ఉక్కపోతలో ఆ గండం ఇంకా ముందే వస్తుంది.

దీనికి విరుగుడుగా గ్రంథాలయాలు నమ్ముకున్నది మైక్రోఫిల్మ్, అంటే పుటలను బాగా కుదించి ఫొటో తీసిన ఫిల్ము. 1839లో ఇంగ్లండ్‌లో పరికరాల తయారీదారు జాన్ డాన్సర్ సూక్ష్మ ఛాయాచిత్రాలు తీసినప్పుడు అదొక వింత వినోదం. 1870లో జర్మన్ సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు అదే ప్రాణావసరమైంది. ఫొటోగ్రాఫర్ రెనే డాగ్రాన్ ఉత్తరాలను చిన్న ఫిల్ము ముక్కలపైకి కుదించి పావురాల తోకలకు కట్టించి నగరంలోకి పంపాడు. తర్వాత న్యూయార్క్ బ్యాంకు ఉద్యోగి జార్జ్ మెకార్తీ చెక్కుల నకళ్ల కోసం ఒక యంత్రం కనిపెట్టాడు. కొడాక్ సంస్థ 1928లో దాన్ని ‘రికార్డాక్’ పేరుతో బజారుకు తెచ్చింది, 1935లో న్యూయార్క్ టైమ్స్‌ను రీళ్లకెక్కించింది.

పత్రికలను ఇలా ఫిల్ముకెక్కించడం ఓపిక కావలసిన పని. బైండు విప్పి, మడతలు సాపుచేసి, తేదీల వరుస సరిచూస్తారు. ఒక్కో పుటనూ బల్లమీద పరిచి, రెండు పక్కలా దీపాలు పెట్టి, నిలువు కమ్మీకి బిగించిన కెమెరాతో పైనుంచి తీస్తారు. అంత పెద్ద పత్రిక పుట 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒదిగిపోతుంది. దొరకని సంచిక ఉంటే, అది లేదని రాసిన చీటీని కూడా అదే వరుసలో ఫొటో తీస్తారు. రేపటి పరిశోధకుడు దానికోసం వృథాగా వెతుక్కోకూడదు కదా! మూల నెగటివును చల్లని గదిలో దాచి, దాని ప్రతినే పాఠకుల చేతికిస్తారు.

పాలియెస్టర్ మీద వెండి లవణాల పూత ఉన్న ఫిల్మును చల్లగా, పొడిగా ఉంచితే 500 ఏళ్లు మన్నుతుందని అంచనా. పాత అసిటేట్ ఫిల్ము అలా కాదు, చెమ్మ తగిలితే కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది.

ఢిల్లీలోని అప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయం, చెన్నైలోని రోజా ముత్తయ్య గ్రంథాలయం పత్రికలను ఫిల్ముకెక్కించడంలో ముందు నడిచాయి. తెలుగు పత్రికలను స్కాన్ చేసి ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ అందరికీ అందించింది. వెతకడానికి స్కానింగే మేలు. కానీ ఫైలు తెరవడానికి దానికి తగిన సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఫిల్ము చదవడానికి దీపమూ భూతద్దమూ చాలు. రెండూ ఉండాలి.

కాగితాన్నీ వదులుకోకూడదు. ఫిల్ము తీశాక అమెరికా గ్రంథాలయాలు అసలు సంపుటాలను వదిలించుకున్న తీరును రచయిత నికల్సన్ బేకర్ 2001లో ఒక పుస్తకంలో ఎండగట్టాడు. రంగులు, బొమ్మల నాణ్యత నలుపు తెలుపు ఫిల్ములో పోతాయి, మసకబారిన ఫ్రేమును సరిచూసుకోవాలన్నా అసలు ప్రతే కావాలి.

ఇంట్లో అటకమీద తాతలనాటి పత్రికల కట్టలుంటే తూకానికి అమ్మకండి. ముందు దగ్గర్లోని గ్రంథాలయంలో చూపించండి.