వరసగా రెండు బాలు పాటలా?

ఫోన్‌లో ఇష్టమైన పాటలు నలభై దాచుకున్నారనుకుందాం. పది మంది గాయకులవి, ఒక్కొక్కరివి నాలుగేసి. షఫుల్ నొక్కగానే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాట వచ్చింది, దాని వెనకే మళ్లీ ఆయనదే. కాసేపటికి సుశీల పాటలు రెండు జంటగా వచ్చాయి. వినేవారికి చిరాకు: "ఇదేం కలపడం?"

నిజానికి పాటలు బాగా కలిస్తేనే ఇలా జరుగుతుంది. ఒక పాట అయ్యాక మిగిలేవి 39, వాటిలో అదే గాయకుడివి 3. అంటే వెంటనే అదే గొంతు వినిపించే అవకాశం 13లో ఒక వంతు. నలభై పాటల వరసలో పక్కపక్క జతలు 39 ఉంటాయి కాబట్టి, సగటున మూడు చోట్ల ఒకే గొంతు జంటగా రావాల్సిందే.

కలిపే పద్ధతి పాతదే. రొనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1938లో దీన్ని వివరించారు. 1964లో రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ కంప్యూటర్‌కు అనువుగా మలిచారు. చీటీలన్నీ డబ్బాలో వేసి, ఒక్కొక్కటే తీసి పేర్చుకుంటూ పోవడం లాంటిదన్నమాట. తీసిన చీటీ మళ్లీ డబ్బాలోకి వెళ్లదు. పది పాటలకే 36,28,800 వరసలు సాధ్యం, అన్నిటికీ సమాన అవకాశం.

చిక్కంతా మన మెదడుతోనే. నాణెం ఎగరేసినట్టు ఊహించుకుని ఫలితాలు రాయమంటే చాలామంది బొమ్మ, బొరుసు మార్చి మార్చి రాస్తారు. వరసగా ఐదు బొమ్మలు రాయడానికి చెయ్యి రాదు. అసలు నాణేనికి ఆ మొహమాటం లేదు.

మెదడు ఇలాగే మోసపోయిన సందర్భం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద జర్మన్ల వి-1 బాంబులు గుంపులుగా పడుతున్నాయని, గురిచూసి కొడుతున్నారని జనం అనుకున్నారు. ఆర్.డి. క్లార్క్ అనే ఆయన దక్షిణ లండన్‌ను 576 గళ్లుగా విడదీసి, అక్కడ పడిన 537 బాంబులను లెక్కపెట్టి 1946లో ప్రచురించారు. గురి లేకుండా పడితే సుమారు 227 గళ్లు ఖాళీగా మిగలాలి. నిజంగా ఖాళీగా మిగిలినవి 229. అంటే గుంపులు కనిపించినా గురి లేదన్నమాట.

పాటల విషయంలో కంపెనీలు చివరికి వినేవారి మనసుకే తలవంచాయి. 2005లో యాపిల్ ఐట్యూన్స్‌లో 'స్మార్ట్ షఫుల్' తెచ్చింది. యాదృచ్ఛికంగా అనిపించడం కోసమే యాదృచ్ఛికతను తగ్గిస్తున్నామని స్టీవ్ జాబ్స్ అప్పుడు చెప్పారు. 2014లో స్పాటిఫై తన కొత్త పద్ధతిని వివరించింది: ఒక కళాకారుడి పాటలు నాలుగుంటే, వాటిని జాబితా పొడవునా దాదాపు సమాన దూరంలో పరచి, ఒక్కోదాన్ని కొంచెం అటూ ఇటూ జరుపుతారు.

నమ్మకం కుదరకపోతే పది పేర్లు, ఒక్కో పేరు నాలుగేసి చీటీల మీద రాసి, డబ్బాలో కలిపి తీసి పేర్చండి. జంటలు లెక్కపెట్టండి. పదిసార్లు చేసి సగటు తీస్తే మూడుకు దగ్గర్లోనే వస్తుంది.