చిన్న చిత్రమును గోడపటముగా అచ్చు వేయించుట



కృష్ణా తీరమునందలి మా పూర్వగ్రామము 1981వ సంవత్సరమున శ్రీశైలము జలాశయములో మునిగిపోయినది. అంతకు ముందే మా తండ్రిగారు ఆ ఊరి రేవును నీటిరంగులతో చిత్రించి యుండిరి. 9 అంగుళముల వెడల్పు, 12 అంగుళముల ఎత్తు గల కాగితమది. దానిని 5 అడుగుల ఎత్తున అచ్చు వేయించి కొత్త ఊరి గ్రంథాలయములో నుంచవలెనని మావారు కోరిరి. ఆ పనిలో నేను మొదట చెడి, పిదప నేర్చుకొన్న సంగతులను మనవి చేసెదను.

మొదట సెల్‌ఫోనుతో చిత్రమును తీసి, సందేశముగా నగరమునందలి అచ్చుశాలకు పంపితిని. అట్లు పంపునపుడు చిత్రము కుదించబడునని నేనెరుగను. వారికి చేరినది 1,200 చుక్కల వెడల్పు, 1,600 చుక్కల ఎత్తు మాత్రమే. కంప్యూటరులో చిత్రమనగా చదరపు చుక్కల కూర్పు, వీనినే పిక్సెళ్లందురు. చాపలో అల్లిన బొమ్మను ఎంత సాగదీసినను కొత్త పోగులు పుట్టవు గదా! 1,600 చుక్కలను 60 అంగుళములకు పరచగా ఒక్కొక్క చుక్క సుమారొక మిల్లీమీటరు చదరమైనది. రేవు మెట్లపై కుండ నెత్తుకొన్న స్త్రీ యొకతె ఆ చిత్రములో నున్నది. ఆమె మా మేనత్త. మూలములో ఆమె పావు అంగుళమే. అచ్చులో ఆమె ముఖమునకు దక్కినవి నాలుగైదు చదరములు.

తక్కువబడిన చుక్కలను యంత్రముచే పూరింపవచ్చునని కొందరు చెప్పిరి. నిజమే, నేటి యంత్రములు చక్కని ముఖమునే గీయును. కాని అది ఎవరి ముఖము? మా మేనత్తది మాత్రము కాదు. కావున మరల మూలమునే ఆశ్రయించితిని.

కార్యాలయములలోని మామూలు స్కానరు అద్దముపై ఆ కాగితము పట్టదు. ఏ3 పరిమాణపు స్కానరు గల చోటికి పోయి, అంగుళమునకు 1,200 చుక్కల చొప్పున తీయించితిని. 10,800కు 14,400 చుక్కలు వచ్చినవి. అయిదు రెట్లు పెంచినను అంగుళమునకు 240 మిగులును. దగ్గర నిలిచి చూచువారికిని అది చాలును. ఫైలు మాత్రము 46 కోట్ల బైట్లు దాటినది. బరువని జెపెగ్ రూపములో దాచుకొని, దిద్దినప్పుడెల్ల మరల దాచినచో, ప్రతిసారియు కొంత వివరము పోవును. టిఫ్ రూపమున నట్టి నష్టము లేకుండ దాచుకొనవచ్చును.

ఇక రంగు. నేను కోరినది సిరాతో వేయు ఫ్లెక్సీ కాదు, ఛాయాచిత్రపు కాగితము. వెండి లవణములు పూసిన ఆ కాగితముపై చీకటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలి లేసరు కిరణములు చిత్రమును వ్రాయును. పిదప రసాయనములలో కడిగిన రంగులు బయటపడును. వెలుగుతో వ్రాయునది గనుక ఫైలును ఆ మూడు వెలుగుల లెక్కలోనే యుంచవలెను. పుస్తకముల అచ్చునకు వలె నాలుగు సిరాల లెక్కలోనికి మార్చినచో కొన్ని నిండు రంగులు ముందే చచ్చును. మరియు ఎరుపు 200 పాళ్లని చుక్కలో వ్రాసినంతనే అది ఎంత ఎరుపో తెలియదు. పది కుంచములన్నవాడు ఏ ఊరి కుంచమో చెప్పవలదా? ఆ కొలతను తెలుపు ప్రొఫైలును ఫైలులోనే చేర్చి పంపవలెను. ఏ ప్రొఫైలు కావలెనో అచ్చుశాల వారినే ముందుగా అడుగుట మేలు.

తెరపై చూచి మోసపోవుట సులభము. తెర తానే వెలుగును. కాగితము ఇంటి వెలుతురుపై ఆధారపడును. కావుననే అచ్చు నల్లబడినట్లు తోచును. తెర కాంతిని తగ్గించి చూచి, నీడలను కొంచెము తేర్చితిని. కాగితముపై పడిన ధూళిమచ్చలను ఒక్కొక్కటిగా తుడిచితిని. మూడు రాత్రులు పట్టినది. మా తండ్రిగారి వ్రేలి రంగుముద్ర యొకటి అంచున నున్నది. దానిని తుడువలేదు.

కాగితపు చుట్ట 50 అంగుళముల వెడల్పు, మా పటము 45. చుట్టును తెల్లని అంచు విడువ వీలైనది. మొత్తము అచ్చు వేయింపక మునుపు, రేవు మెట్లున్న భాగమును మాత్రము అసలు పరిమాణముననే మచ్చుగా తీయించితిని. మేనత్త ముఖములో ముక్కుపుడక చుక్క సైతము కనబడినది.

పటము గ్రంథాలయములో నున్నది. ఆ మచ్చుముక్కను మేనత్త కూతురు అడిగి తీసికొనిపోయినది.