ఎడారి పల్లెలలో చిన్న వ్యాపారాలు – మనవారికి కొన్ని పాఠాలు

పరదేశం వెళ్ళినవాడు తిరిగి వచ్చేటప్పుడు ఇంటివారికోసం ఏదో ఒకటి తీసుకురావడం మన తెలుగువారికి తెలిసిన ఆచారమే. అరబ్బు ఎమిరేట్ల ప్రజలు తమ వాడుక భాషలో అట్టి కానుకను 'సౌఘా' అంటారు. పల్లె స్త్రీల చేతిపనులకు గిరాకీ కల్పించేందుకు అబూధాబీలో ఏర్పడిన ఒక పథకానికి ఇదే పేరు పెట్టారు. తోటలలో పెరిగి, పిల్లల ఉపాధిని గురించి నిత్యం ఆలోచించే మన పాఠకులకు ఆ దేశపు అనుభవం ఉపయోగపడగలదని తలచి, మాకు తెలిసిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

సంయుక్త అరబ్బు ఎమిరేట్లు 1971 డిసెంబరు 2న ఏర్పడింది. ఆ దేశం పేరు వినగానే దుబాయి మేడలే మన కళ్ళముందు మెదులుతాయి. కాని అక్కడ కూడా పల్లెలున్నాయి. కొండల నడుమ హత్తా, మసాఫీ, సముద్రపుటొడ్డున కిద్‌ఫా, ఎడారి అంచున లీవా ఖర్జూరపు తోటలు అట్టివే. చమురు రాకముందు ఖర్జూరం, మేకలు, ఒంటెలు, చేపలు, ముత్యాలు వారి జీవనాధారం. 1930 ప్రాంతంలో జపాను వారి పెంపుడు ముత్యాలు ముత్యాల వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1962లో అబూధాబీ నుండి చమురు ఎగుమతి మొదలైన తరువాత పల్లె యువకులు సర్కారు కొలువులకోసం పట్టణాలకు తరలిపోయారు. పల్లెలో ముసలివారు, వారి చేతిపనులు మిగిలిపోయాయి. అందరికీ సర్కారు కొలువు ఇవ్వడం ఎంత ధనిక దేశానికైనా సాధ్యం కాదని పాలకులు క్రమంగా గ్రహించారు.

అందువల్ల దుబాయిలో 2002లో చిన్న వ్యాపారాలకోసం మొహమ్మద్ బిన్ రాషిద్ సంస్థ, అబూధాబీలో 2007లో ఖలీఫా నిధి ఏర్పడ్డాయి. అప్పుతోపాటు శిక్షణ, సలహా కూడా ఇవ్వడం వీటి పద్ధతి. సౌఘా పథకం ఖలీఫా నిధి పెట్టినదే. గొర్రె, మేక, ఒంటె వెంట్రుకలతో నేల మగ్గంపై నేసే నేతను అక్కడ 'సదూ' అంటారు. ఖర్జూరపు ఆకులతో అల్లే చాపలు, బుట్టల పనిని 'ఖూస్' అంటారు. ఈ పనులు తెలిసినవారు చాలావరకు వయసు మళ్ళిన స్త్రీలు. సదూ నేత అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నదని 2011లో యునెస్కో తన అత్యవసర రక్షణ జాబితాలో చేర్చింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ స్త్రీలకు పని కొత్తగా నేర్పవలసిన అవసరం లేదు. వారికి లేనిది కొనేవారే. ఏ సైజు, ఏ రంగు, ఏ వస్తువు పట్టణంలో అమ్ముడుపోతుందో చెప్పి, ఆర్డర్లు సంపాదించి, సరుకు సేకరించి అమ్మిపెట్టేవారు కావాలి. సౌఘా ఆ లోటు తీర్చడానికి పూనుకున్నది. గుడారానికి పనికివచ్చే నేత సంచిగా, అల్లిక బహుమతి పెట్టెగా మారితే ఇంటి గడప దాటకుండానే ఆదాయం చేతికి వస్తుంది.

హత్తా సంగతి మరొక తీరు. దుబాయి నగరానికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండపల్లె అభివృద్ధికి 2016లో ప్రభుత్వం ఒక ప్రణాళిక ప్రకటించింది. ఆనకట్ట చెరువులో పడవలు, కొండదారులలో నడక, తేనెటీగల పెంపకం ఆధారంగా యాత్రికులను రప్పించడం దాని ఉద్దేశం. యాత్రికుడు వస్తే తిండి కావాలి, బస కావాలి, దారి చూపేవాడు కావాలి. ఒక్క ఆకర్షణ చుట్టూ పది చిన్న పనులు పుడతాయి. 2022లో ఫుజైరాలోని కిద్‌ఫాతో 'ఎమిరేట్ల పల్లెలు' అనే కార్యక్రమం కూడా మొదలైంది.

అయితే ఒక నిజాన్ని మరువరాదు. ఈ సహాయమంతా ఆ దేశపు పౌరుల కొరకే. అక్కడ ఎండలో ఇటుకలు మోసే తెలుగువాడికి ఖలీఫా నిధి తలుపు తెరవదు. 2021లో సవరించిన కంపెనీల చట్టం ప్రకారం విదేశీయుడు కూడా చాలా రకాల వ్యాపారాలకు పూర్తి యజమాని కావచ్చును గాని, లైసెన్సు రుసుము, ఆఫీసు అద్దె భరించడం కూలివాడికి సాధ్యమా? కనుక అతని చిన్న వ్యాపారం పుట్టవలసినది అతని సొంత ఊళ్ళోనే.

ఆ ఊళ్ళు మనకు తెలిసినవే. 1970ల నుండి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మగవారు, ఆ తరువాత గోదావరి జిల్లాల నుండి, కడప నుండి ఇంటిపనికి స్త్రీలు గల్ఫు దేశాలకు వెళ్తున్నారు. 2023–24లో భారతదేశానికి విదేశాల నుండి వచ్చిన సొమ్ములో 19.2 శాతం ఎమిరేట్ల నుండి వచ్చిందని రిజర్వు బ్యాంకు లెక్క. అమెరికా తరువాత రెండవ స్థానం దానిదే. ఇంత సొమ్ము ఏమౌతున్నది? మొదట ఏజెంటు అప్పు, తరువాత ఆడపిల్ల పెళ్ళి, ఆపైన ఇల్లు. ఇవన్నీ అవసరాలే, కాదనము. కాని నలభై అయిదేళ్ళ వయసులో వీసా ముగిసి తిరిగి వచ్చినవాడిని ఆ ఇల్లు పోషించదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి కదా! అప్పుడు కొడుకు పాస్‌పోర్టు చేతబట్టుకుని ఏజెంటు దగ్గరకు బయలుదేరుతాడు.

ఈ చక్రం ఆగాలంటే సహాయం లేకపోలేదు. కేరళ ప్రభుత్వపు నోర్కా శాఖ తిరిగివచ్చినవారికోసం పెట్టిన పథకంలో, రెండేళ్ళు విదేశంలో పనిచేసినవారు 30 లక్షల రూపాయల వరకు పెట్టుబడిగల పని మొదలుపెడితే, 3 లక్షలకు మించకుండా 15 శాతం సబ్సిడీ ఇచ్చే ఏర్పాటు చేశారు. భారత ప్రభుత్వం 2008లో ప్రారంభించిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం పల్లెలలో 25 శాతం, స్త్రీలు, వెనుకబడిన తరగతులు మొదలైనవారికి 35 శాతం సబ్సిడీ నిర్ణయించింది.

డబ్బు దొరకడం ఒక ఎత్తు, వ్యాపారం నిలవడం మరొక ఎత్తు. మొదలుపెట్టేవారికి మేము చెప్పదలచినవి నాలుగు మాటలు. మొదటిది, సరుకు తయారు చేయకముందే కొనేవాణ్ణి వెతుక్కోవాలి. సౌఘా నేర్పే పాఠం ఇదే. రెండవది, పక్కవాడు కిరాణా కొట్టు పెట్టాడని మనమూ పెట్టరాదు. ఊళ్ళో ఖర్చయ్యే రూపాయి పెరగకుండా కొట్లు పెరిగితే అందరికీ నష్టమే. మూడవది, చేతిలో ఉన్నదంతా షెడ్డుకు, యంత్రానికి పోయరాదు. ఊళ్ళో అరువు తప్పదు కనుక కనీసం ఆరునెలల ఖర్చు విడిగా ఉంచుకోవాలి. నాలుగవది, పరదేశంలో నేర్చిన విద్యను వదలరాదు. ఏసీ మరమ్మతు, వెల్డింగు, పైపుల పని, వంట తెలిసినవాడు ఇద్దరు కుర్రవాళ్ళను చేర్చుకుంటే అదే ఒక చిన్న పరిశ్రమ.

ఒంటరిగా చేయలేనిది కలసి చేయవచ్చునని మన తోటల చరిత్రే చెబుతున్నది. మలయా స్వతంత్రమైన తరువాత దొరల కంపెనీలు ఎస్టేట్లను ముక్కలుచేసి అమ్మినప్పుడు, కూలీలకు పనీ పోయింది, నివాసమూ పోయింది. అప్పుడు 1960లో తున్ వి.టి. సంబంధన్‌గారు జాతీయ భూ ఆర్థిక సహకార సంఘాన్ని స్థాపించారు. నెలకు పది డాలర్ల చొప్పున చెల్లించి నూరు డాలర్ల వాటా తీసుకునే వీలు కల్పించారు. 1961లోనే ఆ సంఘం కెడా రాష్ట్రంలోని బుకిట్ సిడిమ్ ఎస్టేటును కొన్నది. రబ్బరు పాలు తీసిన చేతులే తోటకు వాటాదారులైనాయి.

ఎమిరేట్లకు చమురున్నది, మనకు ఆ పది డాలర్ల అలవాటున్నది. గల్ఫులో పనిచేసే ఒకే ఊరి పదిమంది నెలకు కొంత సొమ్ము కూడబెట్టి, ఊళ్ళో నమ్మకస్తుల చేత లెక్కలు వ్రాయించి, ఒక నూనె మిల్లో, ఒక పాల కేంద్రమో నిలబెట్టగలిగితే, వారి పిల్లలలో కొందరైనా ఏజెంటు గడప తొక్కకుండా బ్రతుకుతారు. పరదేశం నుండి ఊరికి తేదగిన సౌఘా అంతకంటె వేరే ఏమున్నది? ఆ దేశంలో బంధువులున్న మన పాఠకులు ఈ సంగతులు వారికి వ్రాసి తెలుపవలసిందిగా కోరుతున్నాము.